పరమాణువు గుర్తింపు

పరుసవేది తాకితే ఇనుము బంగారమవుతుందని పూర్వులు నమ్మారు. వేమన జీవితం గురించి ప్రచారంలో ఉన్న కథలలోనూ ఈ స్వర్ణవిద్య ప్రస్తావన కనిపిస్తుంది. మన దేశంలోనే కాక అరబ్బు, ఐరోపా దేశాలలోనూ రసవాదులు శతాబ్దాల తరబడి కొలిముల ముందు కూర్చుని పాదరసాన్నీ, సీసాన్నీ కాచారు, పుటం పెట్టారు. ఆ కృషి వల్ల రసాయన శాస్త్రానికి ఎన్నో పద్ధతులు సమకూరాయి గాని బంగారం మాత్రం రాలేదు. వారి శ్రమలో లోటు లేదు. మరి లోపం ఎక్కడ ఉంది? ఇది తెలియాలంటే, ఒక మూలకానికి గుర్తింపును ఇచ్చేది ఏది అనే ప్రశ్నకు సమాధానం కావాలి. ఆ సమాధానం 20వ శతాబ్ది ఆరంభంలో గాని లభించలేదు.

పరమాణువు అంటే మిక్కిలి సూక్ష్మమైన అణువు అని అర్థం. అంతకు మించి విభజించడానికి వీలులేనిది అనే భావంతో వైశేషిక దర్శనం ఈ మాటను వాడింది. అయితే పరమాణువులోనూ భాగాలున్నాయని ఆధునిక విజ్ఞానం నిరూపించింది. 1897లో జె.జె. థామ్సన్ ఋణావేశం గల ఎలక్ట్రాన్‌ను కనుగొన్నాడు. 1911లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ పరమాణువు నడుమ ధనావేశం గల కేంద్రకం ఉన్నదని తెలిపాడు. ఆ ధనావేశానికి కారణమైన కణమే ప్రోటాన్. ఇది ఎలక్ట్రాన్ కంటె సుమారు 1836 రెట్లు బరువైనది. అయినా ఈ రెండింటి ఆవేశాలూ పరిమాణంలో సమానం, స్వభావంలో పరస్పర విరుద్ధం. అందువల్ల ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు సమసంఖ్యలో ఉన్న పరమాణువు తటస్థంగా ఉంటుంది.

1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీఫ్ మూలకాలను ప్రధానంగా పరమాణు భారాన్ని బట్టి పట్టికగా అమర్చాడు. కాని ఒక చిక్కు మిగిలింది. టెల్లూరియం అయోడిన్ కంటె బరువైనది. అయినా గుణాలను బట్టి దానిని అయోడిన్‌కు ముందే ఉంచవలసి వచ్చింది. భారమే గుర్తింపు అయితే ఈ తారుమారు ఎందుకు?

ఈ చిక్కును విప్పినవాడు హెన్రీ మోస్లీ అనే ఆంగ్ల యువకుడు. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ వద్ద పరిశోధన ప్రారంభించిన మోస్లీ 1913లో ఒక్కొక్క మూలకం వెలువరించే ఎక్స్-కిరణాలను కొలిచాడు. ఒక మూలకం నుండి తరువాతి మూలకానికి పోయేకొద్దీ ఆ కిరణాల పౌనఃపున్యపు వర్గమూలం మెట్లు ఎక్కినట్లు క్రమంగా పెరిగింది. ప్రతి మెట్టుకూ కేంద్రకంలో ఒక ధనావేశం అధికమవుతున్నదని అతడు గ్రహించాడు. ఆ సంఖ్యే పరమాణు సంఖ్య, అంటే ప్రోటాన్ల సంఖ్య. టెల్లూరియంలో ప్రోటాన్లు 52, అయోడిన్‌లో 53. కాబట్టి మెండలీఫ్ అమరికే సరి అయినది. టెల్లూరియం ఎందుకు బరువెక్కిందో 1932లో న్యూట్రాన్ కనుగొన్న తరువాత స్పష్టమైంది. ఆవేశం లేని న్యూట్రాన్లు పరమాణువుకు బరువును ఇస్తాయి గాని పేరును ఇవ్వవు.

మరి ఎలక్ట్రాన్ల పాత్ర ఏమిటి? ఇందుకు మనం నిత్యం వాడే ఉప్పే ఉదాహరణ. సోడియంలో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. అది క్లోరిన్‌తో కలిసేటప్పుడు ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. అప్పుడు ప్రోటాన్లు ఒకటి ఎక్కువై అది ధన అయాన్ అవుతుంది. 17 ప్రోటాన్లు గల క్లోరిన్ ఒక ఎలక్ట్రాన్‌ను గ్రహించి ఋణ అయాన్ అవుతుంది. ఈ విరుద్ధ ఆవేశాల ఆకర్షణే ఉప్పు. నీటిలో పడితే భగ్గుమనే లోహం, ఊపిరికి విషమైన వాయువు కలిసి భోజనానికి రుచినిస్తున్నాయి.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. సోడియం అయాన్‌లో మిగిలినవి 10 ఎలక్ట్రాన్లు. నియాన్ పరమాణువులోనూ 10 ఎలక్ట్రాన్లే. అయినా సోడియం నియాన్‌గా మారదు. దాని కేంద్రకంలో 11 ప్రోటాన్లు చెక్కుచెదరక ఉండటమే అందుకు కారణం. ఎలక్ట్రాన్ల రాకపోకల వల్ల ఆవేశం మారుతుంది, ప్రవర్తన మారుతుంది, గుర్తింపు మారదు.

రసవాదుల వైఫల్యానికి కారణం ఇదే. పాదరసంలో 80 ప్రోటాన్లు, బంగారంలో 79. భేదం ఒక్కటే! కాని కొలిమి మంట, ఆమ్లాల ప్రభావం ఎలక్ట్రాన్లను మాత్రమే కదిలించగలవు. కేంద్రకాన్ని కదిలించడానికి అంతకు లక్షల రెట్లు శక్తి అవసరం. తరువాతి కాలంలో అదీ సాధ్యమైంది. 42 ప్రోటాన్లు గల మాలిబ్డినంను వేగవంతమైన కణాలతో ఢీకొట్టగా 43వ మూలకం ఏర్పడినట్లు 1937లో గుర్తించారు. అదే టెక్నీషియం.

ఆ 43వ స్థానం ఖాళీగా ఉన్నదని ముందే చెప్పినవాడు మోస్లీ. 61, 75 స్థానాలు కూడా ఖాళీ అని అతడు 1914లో ప్రకటించాడు. 75వది 1925లోను, 61వది 1945లోను లభించాయి. ఆ ఖాళీలు నిండటాన్ని చూడటానికి మోస్లీ లేడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, 1915 ఆగస్టు 10న గాలిపొలి యుద్ధరంగంలో తూటా తగిలి మరణించాడు. అప్పటికి అతని వయస్సు 27 సంవత్సరాలు. తన ఆస్తిని విజ్ఞాన పరిశోధనల కోసం రాయల్ సొసైటీకి చెందేటట్లు అతడు వీలునామా వ్రాశాడు. నేడు ఆవర్తన పట్టికలో ప్రతి మూలకానికీ ఉన్న సంఖ్య ఆ యువకుడు లోకానికి మిగిల్చిన అసలైన ఆస్తి.