అద్దెయింట వడ్రంగిబల్ల

మన పల్లెలలో వడ్రంగికి బల్ల యుండెడిది కాదు. వేపచెట్టు నీడనో వసారా మూలనో గొంతుకూర్చుండి, చెక్కవలసిన కొయ్యను మొద్దుపై నానించి, దాని రెండవ కొనను అరికాలితో అదిమిపట్టి, బాడిసతో చెక్కుచు, ఉలితో బెజ్జములు తొలుచుచు, నాగళ్ళను, బండిచక్రములను, ద్వారబంధములను సిద్ధపరచిన ఆ పనివానికి పాదములే పట్టుకొయ్యలు, పుడమియే పీఠము. కొండపల్లిలో తెల్లపొనికితో బొమ్మలు చేయువారిలో పలువురు నేటికిని క్రింద కూర్చుండియే చెక్కుదురు. భూమి కదలదు గనుక దానిపై నానించిన కొయ్యయు కదలదు. ఆ స్థైర్యమునకు ఎవ్వరును వెల చెల్లింపనక్కరలేదు. బహుళాంతస్తుల భవనములో, పలుచని టైల్సుపై, క్రింది వాటాలోని కుటుంబము తలపై నిలిచి సుత్తి పట్టవలసిన వానికి మాత్రము ఆ స్థైర్యము అప్పనముగా లభింపదు. దానిని తానే నిర్మించుకొనవలెను.

దుబాయి నగరమునకు తూర్పువైపున, షార్జా సరిహద్దు నానుకొనియున్న అల్ కుసైస్ అట్టి వారు వేలకొలది నివసించు పేట. డమాస్కస్, అమ్మాన్, బేరూత్ అని అరబ్బు రాజధానుల పేర్లు ధరించిన వీథుల కిరువైపుల మధ్యతరగతి భారతీయ కుటుంబముల అద్దెయిండ్లు. వాని కావల గిడ్డంగులతో, మోటారు మరమ్మతు షెడ్లతో, కొయ్యపని కర్మశాలలతో క్రిక్కిరిసిన పారిశ్రామికవాడ. దాపుననే, మన కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములవారికి సోనాపూర్ అను పేర చిరపరిచితమైన శ్రామికుల బసలు. 2011 సెప్టెంబరులో మెట్రో గ్రీన్ లైను ఈ పేటవరకు వచ్చినది. ఈ నగరపు ఆకాశహర్మ్యములకు కాంక్రీటు పోయుటకు అచ్చులు బిగించిన షట్టరింగు కార్పెంటర్లలో తెలుగువారు తక్కువమంది కారు. పగలెల్ల పరుల గోడలకు ప్లైవుడ్డు తొడుగు వానికి రాత్రి మిగులునది బంకు మంచము మాత్రమే యనుట ఇక్కడ అందరును ఎరిగినదే. ఈ వ్యాసము వారికంటె కొంత అదృష్టవంతులై, బాల్కనీ ప్రక్క మూలయో, ఒక చిన్నగదియో, పాత విల్లా ప్రాంగణములో నీడపట్టో గలిగి, సెలవునాడు చేతిపని చేసికొనగోరు గృహస్థుల నుద్దేశించినది.

ఈ నేలకు లోహముతో ప్రాచీన సంబంధము గలదు గాని దారువుతో లేదు. అల్ కుసైస్ త్రవ్వకములలో బయల్పడిన క్రీస్తుపూర్వపు సమాధులయందు కంచు బాణపుములుకులు లభించినవి; హజర్ పర్వతముల రాగి ఆ కాలముననే సముద్రములు దాటిపోయినది. దూలము కావలసినపుడు మాత్రము పరదేశమే గతి: పాత దుబాయి యిండ్ల కప్పులకు తూర్పు ఆఫ్రికా తీరపు మడకఱ్ఱలు, ధౌ పడవలకు మలబారు టేకు. నేడును స్థితి అదియే. పారిశ్రామికవాడ దుకాణములలో చౌకగా దొరకు కొయ్య, ‘వైట్‌వుడ్’ అను పేర ఐరోపానుండి దిగుమతియగు పైన్, స్ప్రూస్ జాతుల మెత్తని కలప. మన టేకు, నల్లమద్ది చూచిన కన్నులకు అది దుర్బలముగా తోచును. కాని బల్ల కాళ్ళకు అది చాలును, తక్కువ ధరలో తిన్ననైన కఱ్ఱను ఏరుకొనుటకును వీలగును. కొను ముందు ప్రతి కఱ్ఱను కొననుండి కంటితో గురిపెట్టి చూచి, మెలిదిరిగిన వానిని తీసివేయవలెను. ఒకవైపు వంపు బోల్టు బిగింపునకు సర్దుకొనవచ్చునేమో గాని, మెలి దేనికిని లొంగదు. వాడి పడవేసిన షట్టరింగు చెక్క ఉచితముగా దొరకినను ఆశపడరాదని నా అభిప్రాయము. దానిలో దాగిన మేకులును, పట్టిన సిమెంటు పెళ్ళలును ఒక్క పూటలో రంపపు పండ్లను మొద్దుబరచును.

నిలుచుండి పనిచేయుట పాశ్చాత్యుల కలవాటు; వారి బల్లకు చరిత్ర దీర్ఘము. జర్మనీలోని జాల్‌బుర్గ్ రోమన్ కోటలో క్రీస్తుశకము 2వ శతాబ్దమునాటి బల్లలు బావిలో దొరికినవి. 1769 మొదలు ప్రకటితమైన తన మహాగ్రంథములో ఫ్రెంచి వడ్రంగి ఆంద్రె జాకొబ్ రూబో ఐదారంగుళముల మందపు ఏకశిలవంటి పలకతో, కాళ్ళు ముందంచుతో సమముగా నిలుచునట్లు ఒక బల్లను వర్ణించెను. నేటికిని పలువురు దానినే అనుకరింతురు. అద్దెయింటివానికి ఇంకను దగ్గరి కథ రాన్ హిక్‌మన్‌ది. లోటస్ ఎలాన్ కారును రూపొందించిన ఈయన, 1961లో, ఇంటిలో కొయ్య కోయుచు దాని క్రింద ఆధారముగా నుంచిన ఖరీదైన కుర్చీని కూడ కోసివేసి, ఆ దుఃఖమునుండి మడచిపెట్టదగిన ‘వర్క్‌మేట్’ బల్లను కల్పించెను. తొలుత ఆ ఊహను నిరాకరించిన బ్లాక్ అండ్ డెకర్ సంస్థయే 1973 నుండి దానిని తయారుచేయసాగెను. అద్దెయిల్లు ఎంత చిన్నదైనను అట్టి మడతబల్లకు చోటు దొరకును. కాని తేలికపాటి వస్తువు చిత్రిక పట్టువాని త్రోపునకు ప్రక్కకు జరుగును. కోయుటకు అది, నునుపు చేయుటకు బరువైన బల్ల, ఇది నా తీర్పు.

బల్ల అనగానే మనవారు బరువు మోయుటను గూర్చియే ఆలోచింతురు. నాలుగు కాళ్ళపై బరువు నిలుపుట కష్టము కాదు. తేలికపాటి కఱ్ఱకాళ్ళు కూడ ఒక మనిషిని మోయగలవు. శత్రువు ప్రక్కనుండి వచ్చును. చిత్రికను ముందునకు త్రోసిన ప్రతిసారియు, రంపమును లాగిన ప్రతిసారియు, బల్ల చతురస్రము కాస్త వాలి సమాంతర చతుర్భుజము కాజూచును; ఆ వాలుటలో అతుకులు వదులగును, పనివాని బలము కొయ్యకు చేరక బల్ల ఊగుటకే ఖర్చగును. చతురస్రమును ఎంత గట్టిగా బిగించినను మూలల వద్ద అది మడతపడగలదు, త్రిభుజము మాత్రము భుజము విరిగిననే గాని రూపు మారదు. కావున వెనుకప్రక్కన ఒక ఏటవాలు అడ్డకఱ్ఱ గాని, అంతకు మేలుగా, నిండు ప్లైవుడ్డు పలక గాని బిగించినచో, ఊగిసలాడు బల్ల ఒక్కసారిగా నిశ్చలమగును.

ఈ సూత్రముతో ఒక్క ప్లైవుడ్డు షీటును ఎట్లు వినియోగింపవచ్చునో చూడుడు. ఇచ్చట దొరకు షీటు 2,440 మిల్లీమీటర్ల పొడవు, 1,220 వెడల్పు. 18 మిల్లీమీటర్ల మందముదైన దాని బరువు సుమారు 30 కిలోలు. అపార్టుమెంటు లిఫ్టులో సాధారణముగా అది పట్టదు గనుక, దుకాణములోని పెద్ద రంపముపైననే నాలుగు సమాన భాగములుగా కోయించుట ఉత్తమము. రంపపు వాటు పోగా 1,218 పొడవు, 608 వెడల్పు గల నాలుగు పలకలు వచ్చును. రెండింటిని ఒకదానిపై నొకటి అతికించిన పైపలక సిద్ధమగును. మూడవది క్రింది అర. నాలుగవది వెనుకప్రక్క ఊగుడును ఆపు పలక. వ్యర్థమగునది శూన్యము. పైపలకకు జిగురు ఎందుకని అడుగవచ్చును. ఒక పలక వంగకుండ నిలుచు బిగువు దాని మందపు ఘనముననుసరించి పెరుగును. కావున రెండు పలకలను ఊరక పేర్చిన బిగువు రెండింతలు, సంపూర్ణముగా జిగురుతో ఏకము చేసిన ఎనిమిదింతలు. ఫెవికాల్ వంటి తెల్లజిగురును అంచులవరకు పలుచగా పరచి, పదునాలుగు పదిహేను స్క్రూలతో క్రిందివైపునుండి బిగించి, ఒక రాత్రి అట్లే వదలవలెను.

కాళ్ళ నిర్మాణమే ఈ పనిలో సారభూతము గనుక అచ్చట ఓపికగా ఆగుదము. రెండంగుళముల మందము, నాలుగంగుళముల వెడల్పుగల కఱ్ఱలను రెండేసి జతచేసి ఒక్కొక్క కాలు రూపొందింపవలెను. బయటి కఱ్ఱ పూర్తి నిడివిది, లోపలి కఱ్ఱ మాత్రము తునకలుగా. నేలనుండి క్రింది పట్టీ కూర్చుండవలసిన ఎత్తువరకు ఒక తునక, ఆపైన పట్టీ వెడల్పంత ఖాళీ, మరల పై పట్టీ వరకు ఇంకొక తునక, పైన మరియొక ఖాళీ. ఆ ఖాళీలలో పొడుగు పట్టీలు వచ్చి కూర్చుండును. ఇందలి రహస్యమేమనగా, అరపై పెట్టిన ఇనుపసామాను బరువంతయు పట్టీనుండి క్రింది తునకకు, తునకనుండి నేలకు కొయ్యవెంబడియే దిగును. స్క్రూ గాని బోల్టు గాని ఆ బరువును మోయదు, పట్టీ చోటు తప్పకుండ కావలి మాత్రము కాయును. ఆలోచన లేని బల్లలలో పట్టీని కాలికి ప్రక్కగా అంటించి నాలుగు మేకులు కొట్టుదురు. ఆ మేకులపై సంవత్సరముల తరబడి బరువు వ్రేలాడి, రంధ్రములు పెద్దవై, ఒకనాడు ‘కిఱ్ఱు’మను శబ్దముతో ఆ నిజము బయటపడును.

ఇక అద్దెయింటి ధర్మము. కుడి ఎడమల కాళ్ళ జంటలను, వాని మధ్య పొట్టి పట్టీలతో, జిగురు వేసి శాశ్వతముగా బిగింపవచ్చును. ఆ రెండు చట్రములను కలుపు నాలుగు పొడుగు పట్టీలకు మాత్రము జిగురు తగులనీయరాదు. ఒక్కొక్క కొనకు రెండేసి చొప్పున పదునారు 10 మిల్లీమీటర్ల బోల్టులు, వెడల్పాటి వాషర్లతో. వెనుక పలకకు, పైపలకకు స్క్రూలే చాలును. ఇల్లు మారవలసిననాడు ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు పట్టుకొని కూర్చున్నచో, రెండు చట్రములు, నాలుగు పట్టీలు, మూడు పలకలుగా విడివడి, బల్ల యావత్తు లిఫ్టులో దిగిపోవును. తిరిగి బిగించునపుడు ఏ పట్టీ ఏ కాలిదో తెలియుటకు అతుకు లోపలివైపున రంపపు గీతలు పెట్టుకొనుట మేలు. పెన్సిలు గుర్తులు రెండు బదిలీలకు మించి నిలువవు.

వాతావరణము విషయములో ఒక హెచ్చరిక. ఆగస్టులో కిటికీ తెరచిన ఉక్క, మూసిన ఏసీ పొడి. ఈ రెంటి నడుమ కొయ్య అనుక్షణము తేమను పీల్చుచు విడుచుచు నుండును. పొడవున అది దాదాపు మారదు; అడ్డముగా మాత్రము ఉబ్బును, కుంచించుకొనును. కొన్న కఱ్ఱను వెంటనే కోయక, ఇంటిలో పలుచని పుల్లల మీద గాలి ఆడునట్లు రెండు వారములు పేర్చియుంచినచో, ఇంటి తేమకు అది అలవాటుపడును. అంతటితోను తీరదు: ఏసీ కాలమున కఱ్ఱ సన్నబడగా బోల్టులు సడలును గనుక, మొదటి సంవత్సరము ఋతువు మారినపుడెల్ల పానా తిప్పవలెను. బల్ల ఊగినచో లోపము దానిని చేసినవానిదని తొందరపడి జిగురు పోయువారున్నారు. ఒక్క చుట్టు బిగింపుతో పోవు జబ్బునకు శస్త్రచికిత్స ఏల?

ఎత్తును గూర్చి పుస్తకములు ఎన్ని కొలతలు చెప్పినను, కొలతకఱ్ఱ మన శరీరమే. నిటారుగా నిలిచి చేతులు వదలి, అరచేతిని నేలకు సమాంతరముగా వంచినచో అది పలక నానవలెను. అప్పుడు చిత్రికపై దేహభారమంతయు వంగును. సూక్ష్మమైన చెక్కడము, విద్యుత్పరికరముల మరమ్మతు చేయువారు మోచేతి దాపువరకు ఎత్తు పెంచుకొనవచ్చును. రెండును చేయువాడు తక్కువ ఎత్తునే ఎన్నుకొని, సూక్ష్మపని కొఱకు పైన ఒక చిన్న పీటవంటి ఎత్తుపలకను పెట్టుకొనుట తెలివి; ఎత్తుగా చేసిన బల్లను పొట్టి చేయుటకు రంపము కావలెను గదా. టైల్సు ఎగుడుదిగుడులకు రసమట్టము పెట్టి కాళ్ళక్రింద మరపాదములు తిప్పి సరిజేయుటయు, వాని క్రింద రబ్బరు దిమ్మెలు పరచుటయు మరువరాదు. ఆ రబ్బరు కదలికను ఆపుటయే గాక, క్రింది వాటావారి సహనమును కూడ కాపాడును. ఉలిపై సుత్తి దెబ్బ పడవలసిన పనిని పలక నడుమ గాక కాలికి సూటిగా పైన చేసినచో మ్రోత తగ్గును, దెబ్బ ఫలితము పెరుగును.

తక్కిన అలంకారములు పనినిబట్టి వచ్చును, ఒక్కసారిగా కాదు. ముందు వైసు: కుడిచేతి వాటమువారికి పలక ముందంచున ఎడమకొనలో, దాని దవడలకు మెత్తని చెక్క తొడిగి, పైఅంచు పలకకంటె కొంచెము క్రిందగునట్లు. తరువాత పలకపై 20 మిల్లీమీటర్ల రంధ్రముల వరుస. వానిలో గుండ్రని కొయ్యబిళ్ళలు దిగవేసినచో పని వాని కానుకొని నిలుచును. కాళ్ళు ముందంచుతో సమముగా నున్నచో తలుపువంటి పొడవైన చెక్కను నిలువుగా ఆనించి బిగించుటకు అవియు తోడగును. ఇండియానుండి తెచ్చుకొన్న డ్రిల్లు ఇచ్చటి సుమారు 230 వోల్టులు, 50 హెర్ట్జులపై నడచును. మార్చవలసినది ఫ్యూజుగల చదరపు మూడుకాళ్ళ ప్లగ్గు మాత్రమే. క్రింది అరపై ఇసుకసంచియో, మిగిలిన టైల్సు పెట్టెయో ఉంచినచో బల్ల బరువు పెరిగి కదలిక ఇంకను తగ్గును.

పూతగా వార్నీషు వలదు. జారుబల్లపై ఏ కొయ్యయు నిలువదు. అవిసెనూనెను గుడ్డతో రెండుమార్లు రుద్ది, మిగులునది తుడిచివేసిన చాలును. ఆ తుడిచిన గుడ్డలను మాత్రము ఉండచుట్టి బాల్కనీ మూలకు విసరరాదు: నూనె గాలితో కలిసి గట్టిపడుచు వేడి పుట్టించును, ఆ వేడి ముద్దలో బందీయై, ఇచ్చటి మధ్యాహ్నపు ఎండ తోడుకాగా, అగ్గిపుల్ల లేకయే అంటుకొనగలదు. వానిని తీగపై విడివిడిగా ఆరవేసి గట్టిపడనిచ్చియో, నీటితో తడిపి మూతగల ఇనుపడబ్బాలో నుంచియో, ఆ తరువాతనే చెత్తకు పంపవలెను.