టర్బో బండికి ఏ ఆయిల్? డబ్బా వెనక్కి తిప్పి చూడండి

మెకానికల్ బ్రాంచిలో చేరినోళ్ళకు మొదటి ఏడాదిలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. థర్మోడైనమిక్స్ మనకు వచ్చినా రాకపోయినా, పండక్కి ఊరెళ్తే చుట్టాలందరి బండ్లకూ మనమే డాక్టర్లం. మొన్న దసరా సెలవుల్లో నన్ను ముగ్గురు ఒకటే ప్రశ్న అడిగారు: "సర్వీసు దగ్గరకొచ్చింది, ఏ ఆయిల్ పోయించాలె?" సిరిసిల్లలో మా కాకది పాత డీజిల్ డిజైర్, టాక్సీ. కోరుట్లలో మా బావది బీఎస్-6 డీజిల్ కారు. జగిత్యాలలో మా పక్కింటి అన్న కొత్తగా కొన్నది చిన్న టర్బో పెట్రోల్. మూడూ టర్బో బండ్లే, మూడింటికీ జవాబు మాత్రం వేరు.

"టర్బో ఏందిరా, నాది మామూలు డిజైరే గద!" అన్నాడు కాక. చాలామంది ఇట్లాగే అనుకుంటారు. టర్బో అంటే రేసు కార్లలో ఉండేదని మన లెక్క. మారుతి వాళ్ళు డీడీఐఎస్ పేరుతో అమ్మిన ఆ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ అసలు ఫియట్ వాళ్ళ మల్టీజెట్, అందులో టర్బో ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లే ఆపేసింది కానీ, మన బస్టాండ్ల దగ్గర టాక్సీల వరసలో ఆ ఇంజిన్లు ఇంకా బతికే ఉన్నాయి.

టర్బోలో ఒక ఇరుసు, దానికి రెండు కొసల్లో రెండు చిన్న చక్రాలు. ఇంజిన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పితే, రెండోది బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో పొగవైపు వేడి 900 డిగ్రీలు దాటొచ్చు, డీజిల్‌లో కొంచెం తక్కువ. మామూలు కార్ల టర్బోల్లో ఎక్కువ వాటికి బాల్ బేరింగులు కూడా ఉండవు. ఇరుసు నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర వెంట్రుక మందం కన్నా పలచన. అది తెగితే ఇరుసు లోహానికి తగులుతుంది, ఇక టర్బో పని అయిపోయినట్టే. టాక్సీ నడిపేవాళ్ళకు టర్బో మార్చడమంటే విడిభాగం ఖర్చుతో పోదు, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ కిరాయిలు పోతాయి, కిస్తీ మాత్రం ఆగదు.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళకు నూనె అంటే ఒక బొమ్మ మనసులో ఉంటుంది: డబ్బా పట్టుకొని, కదిలే చోటల్లా రెండు చుక్కలు. ఆ నూనె పని చేసి కారిపోతుంది, మళ్ళీ కొత్త చుక్కలు. కారులో అట్లా కాదు. అవే మూడు నాలుగు లీటర్లు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయి. రాపిడి తగ్గించాలి, వేడిని మోసుకుపోవాలి, మసిని తనలో పట్టుకోవాలి, టర్బో గుండా పోయి మాడకుండా తిరిగి రావాలి. ఈ చివరి పని దగ్గరే మామూలు మినరల్ ఆయిల్ చేతులెత్తేస్తుంది. వేడికి మాడి నల్లటి బొగ్గులా గట్టిపడుతుంది. మూకుడు అడుగున మాడిన నూనె జిడ్డు ఎట్లా వదలదో ఇదీ అంతే. సన్నటి ఆయిల్ దారుల్లో అది పేరుకుంటే టర్బోకు నూనె అందదు.

అందుకే సింథటిక్. కానీ డబ్బా ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే ఈ మాటను నమ్మి కొనొద్దు. 1990లలో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య దీని మీదే పంచాయితీ అయ్యింది. ముడిచమురు నుంచే తీసి, హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసిన గ్రూప్-3 నూనెను క్యాస్ట్రాల్ "సింథటిక్" అని అమ్ముతోందని మొబిల్ ఫిర్యాదు చేసింది. ప్రకటనల తగవులు చూసే అక్కడి సంస్థ 1999లో క్యాస్ట్రాల్ వైపే చెప్పింది. అప్పటినుంచి ఆ మాట ఒక అమ్మకపు పేరుగా స్థిరపడింది. గ్రూప్-3 చెడ్డదని కాదు, మంచి గ్రూప్-3 నూనెలు టర్బోలకు చక్కగా సరిపోతాయి. నేననేది, ఆ ఒక్క మాట మనకు ఏ హామీ ఇవ్వదని. హామీ ఉండేది వెనకవైపు చిన్నక్షరాల్లో.

అక్కడ మొదట కనిపించేది గ్రేడు, 5డబ్ల్యూ-30 లాంటిది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందు అంకె చలిలో నూనె ఎంత సులువుగా కదులుతుందో చెప్తుంది. 5డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూకు మైనస్ 35 దగ్గర చేస్తారు. జగిత్యాలలో సంక్రాంతి ముందు ఎంత వణికినా మనకు ఆ రెండింటి తేడాతో పెద్ద పని లేదు. రెండో అంకె, ఆ 30, ఇంజిన్ వేడెక్కాక నూనె చిక్కదనం. దీన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు.

ఇక్కడే మన దగ్గర బాగా పాతుకుపోయిన మాట ఒకటుంది: "మన దగ్గర ఎండలెక్కువ, చిక్కటి ఆయిల్ పోయాలె." వినడానికి బాగానే ఉంటుంది. మే నెలలో మనకు 45 దాటుతుంది, నిజమే. కానీ ఇంజిన్‌కు థర్మోస్టాట్ ఉంది, రేడియేటర్ ఉంది. బయట 20 ఉన్నా 45 ఉన్నా లోపలి కూలెంట్‌ను అవి 90 డిగ్రీల చుట్టుపక్కలే ఆపుతాయి. నూనె వేడి కూడా దాన్ని పట్టే ఉంటుంది, ఎండకు కొంత పెరుగుతుంది తప్ప తలకిందులు కాదు. అవసరం లేని చిక్కదనం వల్ల పొద్దున స్టార్ట్ చేయగానే టర్బోకు నూనె చేరడం ఆలస్యమవుతుంది. సన్న దారులకు లెక్కేసి కట్టిన కొత్త ఇంజిన్‌కు అది భారం. మాన్యువల్‌లో కంపెనీ రెండు గ్రేడులు ఇస్తే, వాటిలో చిక్కటిదాన్ని ఎంచుకోండి, తప్పు లేదు. మాన్యువల్ దాటి మన సొంత తెలివి వద్దు.

టర్బోకు ఇంకో కొలత ముఖ్యం, దాన్ని ఎవరూ చెప్పరు. హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, గట్టిగా నలుగుతున్నప్పుడు నూనె ఎంత చిక్కగా నిలబడుతుందనేది. 20 గ్రేడుకు కనీసం 2.6 ఉండాలి, 30 గ్రేడుకు 2.9, 5డబ్ల్యూ-40కి 3.5. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉన్నా, ఒకదాంట్లో ఇది 3 దగ్గర, ఇంకోదాంట్లో 3.5 ఉండొచ్చు. ఏసీఈఏ సీ3 అని రాసి ఉంటే 3.5కు తగ్గదు. గ్రేడు ఒకటే కాబట్టి నూనె ఒకటే అనుకోవడానికి లేదు.

ఇక స్పెసిఫికేషన్. ఏపీఐ ముద్రలో ఎస్‌తో మొదలైతే పెట్రోల్‌కు, సీతో మొదలైతే డీజిల్‌కు. జగిత్యాల అన్న బండికి ఎస్‌పీ గానీ ఆ తర్వాతిది గానీ చూడమన్నాను. కారణం ఉంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్లోకి చిమ్మే చిన్న టర్బో ఇంజిన్లలో, తక్కువ స్పీడులో ఎక్కువ బరువు లాగేటప్పుడు, స్పార్క్ రాకముందే మంట అంటుకునే జబ్బు బయటపడింది. ఎల్‌ఎస్‌పీఐ అంటారు. కొండగట్టు ఎక్కుతూ పై గేరులోనే మొండిగా తొక్కితే ఇంజిన్ మూలిగే పరిస్థితి అన్నమాట. అది గట్టిగా వస్తే పిస్టన్ పగలొచ్చు. నూనెలో కాల్షియం ఉన్న డిటర్జెంట్లు దీన్ని పెంచుతాయని తేలాక, ఫార్ములా మార్చి 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ తెచ్చారు. షాపులో పాత ఎస్‌ఎన్ డబ్బా చవగ్గా దొరికితే, ఆ చవక ఈ బండికి పనికిరాదు.

కోరుట్ల బావ సంగతి ఇంకా చిక్కు. ఆయన వెళ్ళే గ్యారేజీలో 15డబ్ల్యూ-40 డ్రమ్ము ఒకటుంది. ట్రాక్టరు వచ్చినా, లారీ వచ్చినా, కారు వచ్చినా అందులోంచే. "డీజిల్ ఆయిలే గద బావా" అంటాడు. ట్రాక్టరుకు అది మంచి నూనెనే. కానీ బీఎస్-6 డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్. పట్టిన మసిని అది అప్పుడప్పుడు కాల్చేసుకుంటుంది. నూనెలోని లోహపు రసాయనాలు కాలగా మిగిలే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుంటుంది. పొయ్యిలో కట్టె కాలిపోతుంది, బూడిదను మనమే ఎత్తాలి కదా! అందుకే సీ3 నూనెల్లో ఆ బూడిద 0.8 శాతం మించకూడదని హద్దు పెట్టారు. ట్రాక్టర్లకు పోసే సీఐ-4 రకం నూనెల్లో సాధారణంగా 1 శాతం దాటే ఉంటుంది. డ్రమ్ము నూనెతో లీటరుకు మిగిలే డబ్బు, ఫిల్టరు మూసుకుపోయిన రోజు లెక్కలోకి కూడా రాదు. మాన్యువల్‌లో సీ2 అని ఉందా సీ3 అని ఉందా చూసి, అదే ఉన్న డబ్బా తెచ్చి మెకానిక్ చేతికివ్వమన్నాను.

బావకు చెప్పిన రెండో మాట డిప్‌స్టిక్ గురించి. ఆయన రోజూ ఇంటి నుంచి దుకాణానికి, అక్కణ్ణుంచి మెట్‌పల్లికి, అంతే. ఫిల్టరు మసి కాల్చుకునేటప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని సగంలో ఉండగానే బండి ఆపేస్తే, మిగిలిన డీజిల్ కొంత కిందికి జారి నూనెలో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద నూనె పెరుగుతూ కనిపిస్తుంది. "నా బండి ఆయిల్ తాగదు, ఇంకా పెరుగుతది" అని బావ గర్వంగా చెప్పేవాడు. అది పలచబడిపోయిన నూనె, వెంటనే మార్చాల్సిన నూనె. వారానికోసారైనా హైవే మీద అరగంట ఏకబిగిన నడిపితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

కాక డిజైర్‌కు ఆ ఫిల్టరు లేదు, కాబట్టి బూడిద లెక్క పట్టించుకోనక్కర్లేదు. దాని సమస్య మసి. ఆ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు కాదు, గొలుసు. మసితో నిండిన నూనె గొలుసునూ టర్బోనూ రెండింటినీ అరగదీస్తుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడులో, డీజిల్‌కు సరిపడే సింథటిక్ పోయించి, గడువు మాత్రం తగ్గించమన్నాను. 10,000 కిలోమీటర్లు అని రాసి ఉండేది మామూలు వాడకానికి. అవే మాన్యువళ్ళలో దుమ్ము, దగ్గరి ప్రయాణాలు, భారీ వాడకం ఉంటే ముందే మార్చమని వేరే ఉంటుంది. వరికోతల కాలంలో మన రోడ్ల దుమ్ము తెలిసిందే. ఖరీదైన నూనె పోసి 15,000 దాకా లాగడం కన్నా, సరైన రకం నూనెను 7,000 దగ్గర మార్చడం నయమని నా లెక్క.

కాక కిరాయిల్లో ఎక్కువ శంషాబాద్‌వే. గల్ఫ్‌కు పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు. అర్ధరాత్రి నలుగురు మనుషులు, డిక్కీ నిండా అట్టపెట్టెలు, వంద మీద నడక. మధ్యలో దాబా కనిపించగానే రోడ్డు దిగి, ఆపి, టక్కున తాళం తిప్పేస్తాడు. ఆ క్షణంలో టర్బో ఇంకా కాలుతూనే ఉంటుంది, నూనె పంపు మాత్రం ఆగిపోతుంది. బేరింగు దగ్గర నిలిచిన ఆ కొంచెం నూనె అక్కడే మాడుతుంది. కొన్ని కొత్త పెట్రోల్ కార్లలో ఇంజిన్ ఆగాక కూడా టర్బోకు నీళ్ళు తిప్పే చిన్న మోటారు ఉంటుంది, కాక బండికి ఆ భాగ్యం లేదు. దాబా ముందు చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపి, ఆపాక ఒక నిమిషం ఇంజిన్ అట్లాగే ఉంచమన్నాను. "ఒక నిమిషం డీజిల్ దండుగ గద" అన్నాడు. టర్బో ధర చెప్పిన తర్వాత ఇంకేం అనలేదు.

డబ్బా కొనేటప్పుడు సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసుకోండి, బిల్లు అడగండి. డబ్బా మీ కళ్ళ ముందే తెరవాలి. పోశాక ఆ ఖాళీ డబ్బాను గ్యారేజీలో వదిలేయకండి. మేకుతో అడుగున ఒక బొక్క కొట్టి పడేయండి, అందులో ఇంకెవరూ ఇంకేదీ నింపి అమ్మకుండా.