ఓర్వకల్లు నుంచి కడప దాకా: చలికాలపు ఒంటరి సైకిల్ ప్రయాణం వెనుక విజ్ఞానం

రాయలసీమలో సైకిల్ మీద దూరప్రయాణం చేయదలచినవారికి డిసెంబరు, జనవరి నెలలే అనువైన కాలం. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే కర్నూలు ప్రాంతంలో పగటిపూట గంటల తరబడి తొక్కితే ప్రాణం మీదికి రావచ్చు. చలికాలంలో ఆ భయం లేదు. అయితే ఇక్కడి చలికాలం ఒకే రోజులో రెండు ముఖాలు చూపిస్తుంది. తెల్లవారుజామున ఒళ్లు వణికిస్తుంది, మధ్యాహ్నానికి చెమటలు పట్టిస్తుంది. అందుకే ఒంటరిగా బయలుదేరేవారికి కాళ్ల సత్తువ ఒక్కటే చాలదు. ఏ గంటలో ఎక్కడ ఉండాలో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్కకు ఆధారం విజ్ఞానశాస్త్రం.

దారి స్వరూపం

కర్నూలుకు ఆగ్నేయంగా 40వ నంబరు జాతీయ రహదారి మీద ఓర్వకల్లు ఉంది. ఇక్కడి రాతివనం, 2021లో ప్రారంభమైన విమానాశ్రయం చాలామందికి తెలుసు. కుందూ నది పుట్టేది కూడా ఈ మండలంలోని ఉప్పలపాడు దగ్గర, ఎర్రమలల్లోనే. ఓర్వకల్లు నుంచి పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 180 కిలోమీటర్లు. పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమలలు, నడుమ కుందూ లోయ. నది కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. 19వ శతాబ్దిలో తవ్విన కర్నూలు-కడప కాలువకు కూడా ఈ లోయే దారి ఇచ్చింది. మొత్తం మీద నీరు పారే దిక్కుకే మన ప్రయాణం కూడా. చిన్నచిన్న మిట్టలు తగులుతాయి గానీ, ఎక్కలేని ఘాట్ రోడ్డు లేదు.

తెల్లవారుజాము చలి ఎక్కడిది?

ఓర్వకల్లు మండలం శకునాల, దాని పొరుగున ఉన్న గని గ్రామాల్లో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వెలిసింది. పొడిగాలి, మబ్బులేని ఆకాశం ఆ పార్కుకు వరం. ఆ ఆకాశమే రాత్రి చలికి కారణం. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రివేళ పరారుణ కిరణాల రూపంలో పైకి పోతుంది. మబ్బు గానీ తేమ గానీ ఉంటే కొంత వేడి తిరిగి నేలకు చేరేది. అవి లేకపోవడం వల్ల నేల త్వరగా చల్లబడి, తనను ఆనుకున్న గాలినీ చల్లబరుస్తుంది. చల్లగాలి బరువైనది కనుక పల్లానికి జారి లోయలో నిలుస్తుంది. నంద్యాల వైపు శెనగ చేల మీద, కాలువ గట్ల మీద ఉదయం మంచు కనిపించేది అందుకే. మిట్ట మీద లేని చలి పల్లంలోకి దిగగానే ముఖానికి తగలడానికి కారణం కూడా ఇదే.

గాలితో పోరాటం

సైకిల్ మీద వెళ్లేవారికి అసలు ప్రత్యర్థి గాలి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గాలి వీయనప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నామనుకుందాం. ఎదురుగాలి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మొదలైతే శరీరానికి తగిలే గాలి వేగం 30 అవుతుంది. అదే వేగం నిలుపుకోవాలంటే గాలి నిరోధం మీద వెచ్చించే శక్తి రెండుంపావు రెట్లు కావాలి. గుంపుగా వెళ్తే ముందున్నవారి చాటున కొంత శ్రమ తగ్గుతుంది. ఒంటరి ప్రయాణికుడికి ఆ చాటు ఉండదు. పైగా 15 డిగ్రీల గాలి 40 డిగ్రీల గాలి కన్నా దాదాపు 9 శాతం ఎక్కువ సాంద్రంగా ఉంటుంది కనుక నిరోధం కూడా అంతే పెరుగుతుంది.

చలికాలంలో ఇక్కడ ఎక్కువగా తూర్పు, ఈశాన్య గాలులు వీస్తాయి. ఓర్వకల్లు నుంచి నంద్యాల దాకా రోడ్డు ఆగ్నేయంగా సాగుతుంది. తూర్పు గాలి వీస్తే అది ఎదురుగాలి, ఈశాన్య గాలి వీస్తే పక్కగాలి. నంద్యాల దాటాక రోడ్డు దాదాపు దక్షిణానికి తిరుగుతుంది. అక్కడ ఈశాన్య గాలి వెనుక నుంచి కొంత తోడ్పడుతుంది. ఉదయం నేల దగ్గర గాలి మందంగా ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక పైపొరల్లోని వేగమైన గాలి కిందికి కలిసి ఈదర పెరుగుతుంది. కనుక ఎదురుగాలి తగిలే తొలి భాగాన్ని ఉదయమే ముగించడం మేలు.

ఎదుట సూర్యుడు

ఉదయమే బయలుదేరితే మరో ప్రమాదం ఎదురవుతుంది. డిసెంబరు చివర కర్నూలు ప్రాంతంలో సూర్యుడు దాదాపు 6.40కి, తూర్పుకు దక్షిణంగా వాలి ఉదయిస్తాడు. మన రోడ్డు కూడా ఇంచుమించు అదే దిక్కుకు సాగుతుంది. తొలి గంటలో ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. మన వెనుక వచ్చే లారీ డ్రైవరు కళ్లలోనూ అదే ఎండ పడుతుంది. ఆ వెలుగులో, పొగమంచులో, రోడ్డు అంచున వెళ్లే సైకిల్ అతనికి కనిపించకపోవచ్చు. అందుకే పగలైనా సరే వెనుక ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూ వెలుగుతుండాలి. నిగనిగలాడే పసుపు చొక్కా తొడుక్కోవాలి. మంచు దట్టంగా ఉంటే ఒక టీకొట్టు దగ్గర ఆగి, పొద్దు కాస్త ఎక్కాక కదలాలి.

దాహం వేయని దాహం

చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం శరీరం లోపలికి చేరడంతో మూత్రపిండాలు ఎక్కువ నీటిని బయటికి పంపుతాయి. దాహపు సంకేతం కూడా మందగిస్తుంది. ఇంతలో పొడిగాలి చెమటను పట్టినట్టు తెలియకుండానే ఆరబెట్టేస్తుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. ఈ ఏర్పాటు మేలైనదే, కానీ పోయిన నీటిని తిరిగి నింపాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగడం మంచిది. మూత్రం ముదురు రంగులో వస్తుంటే నీరు చాలలేదని అర్థం.

నిదానంగా తొక్కినా ఈ 180 కిలోమీటర్లకు సుమారు 3,000 కిలో కేలరీలు ఖర్చవుతాయి. శరీరంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఇంతకు సరిపోదు. ఉదయం ఉగ్గాని, దారిలో బొరుగులు, అరటిపండ్లు, బెల్లం త్వరగా శక్తినిస్తాయి. వేరుశెనగల్లో కొవ్వు ఎక్కువ, అరగడానికి సమయం పడుతుంది. వాటిని సాయంత్రం మజిలీకి దాచుకోవడం మేలు.

చక్రం, ముల్లు

తెల్లవారుజామున 15 డిగ్రీలున్న చోట ట్యూబులో గాలి పీడనం, ముందురోజు మధ్యాహ్నం 35 డిగ్రీల దగ్గర నింపినప్పటి కంటే తగ్గుతుంది. 60 పి.ఎస్.ఐ. నింపిన ట్యూబులో అది దాదాపు 5 తగ్గవచ్చు. కనుక గాలి పంపు ఉదయమే వాడాలి.

ఈ కాలంలో రోడ్డు పక్క పల్లేరు కాయలు ఎండి గట్టిపడతాయి. ఈ కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలుస్తుంది. సర్కారు తుమ్మ ముల్లూ తక్కువది కాదు. పంక్చరు పడ్డాక కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి అంచంతా ఒక గుడ్డముక్కతో నెమ్మదిగా తడిమి చూడాలి. గుడ్డ చిక్కుకున్న చోట ముల్లు మొన విరిగి ఉంటుంది. దాన్ని తీయకపోతే కొత్త ట్యూబు కూడా కొద్ది దూరంలోనే పోతుంది. నీడ కోసం తుమ్మ చెట్టు కిందికి సైకిల్ నడిపించకూడదు.

రెండు రోజుల ప్రయాణం

ఆడాక్స్ దూర సైక్లింగులో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. అలవాటున్నవారు అందులో పూర్తిచేస్తారు. ఇక్కడ డిసెంబరు చివరి పగలు పదకొండు గంటల పైచిలుకు మాత్రమే. తొక్కడానికే తొమ్మిది గంటలు పడితే తినడానికి, విశ్రాంతికి, మరమ్మతుకు వెలుతురు అంతగా మిగలదు. చీకట్లో ఒంటరిగా లారీల మధ్య తొక్కడం అనవసరపు సాహసం. ఆళ్లగడ్డ ఇంచుమించు సగం దూరంలో ఉంది. మొదటి రాత్రి అక్కడ ఆగి, రెండోరోజు మైదుకూరు మీదుగా కడప చేరడం సరైన పద్ధతి.

ఆస్తమా, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు చల్లగాలిలో శ్రమించే ముందు వైద్యుణ్ని సంప్రదించాలి. ప్రతి మజిలీలోనూ ఇంట్లోవారికి ఫోన్ చేసి, ఎక్కడున్నదీ, ఎక్కడికి బయలుదేరుతున్నదీ చెప్పాలి. ఒంటరి ప్రయాణం అంటే ఎవరికీ తెలియకుండా వెళ్లడం కాదు. గాలి దిక్కు, ఎండ కోణం, నీటి అవసరం తెలుసుకుని బయలుదేరే యువతీయువకులకు ఈ కుందూ లోయ రహదారి మంచి పాఠశాల అవుతుంది. ఈ చలికాలంలో ఆ పాఠం నేర్చుకోండి. వెనుక దీపం మాత్రం మరువకండి.