సూర్యాగ్నికి గోడ

మన అనంతపుర మండలమున చేలను మాడ్చు సూర్యునియందు ఉదజని పరమాణుకేంద్రములు కలిసి హీలియముగా మాఱుటచే శక్తి జనించుచున్నది. అట్టి కలయికను భూమిపై సాధించుటకై ఫ్రాన్సుదేశమున ఈటర్ అను మహాయంత్రమును నిర్మించుచున్నారు. మన దేశము 2005లో ఇందు జేరినది.

దాని లోపలిగోడకు టంగ్‌స్టను లోహమును వాడుదురు. అది 3,422 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికిగాని కరగదు. అయినను, న్యూట్రానుల తాకిడికి లోహపరమాణువులు స్థానభ్రష్టములగును. పెక్కులు మరల కుదురుకొనును. కొన్నిచోట్లు ఖాళీలై నిలుచును. ఎండ్రకాయ బొఱియలు చెఱువుకట్టను చెఱచునట్లు ఆ ఖాళీలు కాలక్రమమున గోడను చెఱచును.

సెకనులో లక్షకోట్లవ వంతులు కొన్నింటిలోనే ముగియు నీ తాకిడిని కన్ను చూడజాలదు. కావున కంప్యూటరునందు ప్రతి పరమాణువు గమనమును లెక్కింతురు. ఆ లెక్కలరాశిని పరిశీలించుటకు విశాఖపట్టణమందలి భాభా అణుపరిశోధన కేంద్రమువారు రచించిన సాధనము 2018లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పోటీయందు గెలుపొందినది.

విద్యార్థులారా! గణితమును శ్రద్ధతో నేర్వుడు. గోడ కట్టకమునుపే దాని బీటలను చూపు కన్ను అదియే.