దేశ ప్రయోజనం: నందికొండ సాక్ష్యం

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే పల్నాటి ఉపాధ్యాయుడు కృష్ణ ఒడ్డున, కొండల నడిమి లోయలో, ఒక ప్రాచీన శిలాస్తంభాన్ని చూచి ఆ సంగతి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ విధంగా వెలుగులోనికి వచ్చినది. మరుసటి సంవత్సరమే లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వకాలు ప్రారంభించినాడు. స్తూపాలూ, విహారాలూ, శాసనాలూ ఒక్కొక్కటే బయటపడినవి. ముప్పది యేండ్లు నిండకముందే ఆ లోయనే నీట ముంచవలెనని స్వతంత్ర భారత ప్రభుత్వం నిశ్చయించినది. లోయను త్రవ్వించినది దేశం పేరిటనే. ముంచినదీ దేశం పేరిటనే. ఈ రెండింటిలో ఏది దేశ ప్రయోజనం అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా సమాధానం చెప్పడం సులభం కాదు.

ఈ మాటకు పల్నాటిలో పూర్వచరిత్ర ఒకటి ఉన్నది. అడవిలో పశువులను మేపుకొన్నందుకు చెల్లించవలసిన పన్ను పుల్లరి. అడవి సర్కారుది, దానిని కాపాడడం సర్కారు హక్కు అని నాటి పాలకుల వాదం. తరతరాలుగా ఆ అడవినే నమ్ముకొని బ్రతికిన రైతును ఆ విషయమై ఎవరూ సంప్రదించలేదు. పుల్లరి చెల్లించబోమని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లో కాల్పులకు బలి అయినాడు. ఆనాడు రాజ్యానిది ఒక ప్రయోజనం, ప్రజలది వేరొక ప్రయోజనం. ఆ రెంటికీ మధ్య తుపాకి నిలిచినది. ఓటు హక్కు వచ్చిన తరువాత ఆ స్థానంలో చర్చ నిలువవలె. నిలిచినదా అన్నది నందికొండ వద్ద పరీక్షకు వచ్చినది.

పల్నాటి కరవును గురించి వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడి రాళ్లనూ, జొన్నకూడునూ, నీటి కొరతనూ పరిహసించిన చాటువులు శ్రీనాథుని పేర నేటికీ వినిపిస్తూనే ఉన్నవి. ప్రక్కనే కృష్ణ పారుతున్నది గాని, లోతున పారే ఏటి నీరు ఎత్తున ఉన్న చేనికి దానంతట అది ఎక్కదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నాడు కృష్ణ నీటిని పెన్నకు మళ్లించి దక్షిణాదికి తరలించే పథకం ఒకటి బయలుదేరినది. దానికి ప్రతిగా నందికొండ వద్ద ఆనకట్ట కట్టవలెనని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పట్టుబట్టి పనిచేసినారు. ఖోస్లా సంఘం పరిశీలించి 1952లో నందికొండ వైపు మొగ్గినది. తీరాంధ్రులు దీనిని న్యాయానికి లభించిన విజయంగా చెప్పుకొంటారు. ఐతే కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలాలలో రాయలసీమకూ నెల్లూరుకూ ప్రథమ స్థానం ఇస్తామని 1937లో శ్రీబాగ్ ఒడంబడిక పలికిన మాట రాయలసీమ వారికి జ్ఞాపకం ఉండకపోలేదు. ఢిల్లీ చేరిన ప్రతి వినతిపత్రమూ తనదే దేశ ప్రయోజనమని చెప్పినది. అందులో అసత్యమేమీ లేదు. దేశమంటే ఆ వినతిపత్రాలను పంపిన వారందరూనూ.

1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ అవతరించలేదు. ఒడ్డుకు ఈవల ఆంధ్ర రాష్ట్రం, ఆవల హైదరాబాదు రాష్ట్రం. రెండు ప్రభుత్వాలు కలిసి ఒక్క ఆనకట్టకు పూనుకొన్నవి. దేశానికి తిండిగింజలు చాలక అమెరికా గోధుమల ఓడలకై ఎదురుచూచిన కాలమది. అప్పుడు ‘దేశ ప్రయోజనం’ అన్నది ఉపన్యాసాలలోని అలంకారం కాదు, అన్నం ముద్ద. వేలాది కూలీలు రాతి మీద రాయి పేర్చి 124 మీటర్ల ఎత్తు కట్టడాన్ని నిలబెట్టినారు. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరా గాంధి కాలువలకు నీరు వదిలినారు. కుడి కాలువకు జవహర్‌లాల్ పేరు, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు పెట్టినారు. రెండింటి క్రింద సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు ఏర్పడినది. కాలువ అందిన ఊళ్లలో జొన్నచేలు వరిమళ్లు అయినవి. చాటువులకు ఇంతకు మించిన సమాధానం ఉండదు.

ఇక పోయినదాని మాట. పురావస్తుశాఖవారు 1954లోనే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన లోయలో దిగి, నీరు వచ్చేలోగా పని పూర్తి చేయవలెనని 1960 వరకు త్రవ్వకాలు సాగించినారు. రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కోట వరకు వేల యేండ్ల జీవితం అక్కడ పొరలు పొరలుగా కనిపించినది. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని ఊడదీసి కొండమీదా, అనుపులోనూ తిరిగి నిర్మించినారు. ఆ కొండ ఇప్పుడు నీటి నడుమ ద్వీపం. దానిమీద ప్రదర్శనశాల ఉన్నది. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూసింబెల్ ఆలయాలను తరలించినప్పుడు ప్రపంచ దేశాలు అనేకం సాయపడినవి. అంతకు ముందే పల్నాటిలో అటువంటి కార్యం జరిగిపోయినదని పాఠ్యపుస్తకాలు మరికొంచెం గట్టిగా చెప్పవచ్చును.

శిలలను ఇంత శ్రద్ధగా తరలించినారు. మరి మనుష్యుల సంగతి? ముంపు గ్రామాల నుండి రైతులూ, కూలీలూ, చెంచులూ, లంబాడీలూ కదలవలసి వచ్చినది. వారి భూములను తీసుకొన్నది 1894 నాటి భూసేకరణ చట్టం క్రింద. ‘ప్రజాప్రయోజనం’ అని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, భూమి యజమాని అంగీకారంతో ఆ చట్టానికి పనిలేదు. పుల్లరి కాలపు ప్రభుత్వం చేసిన శాసనాన్నే ప్రజల ప్రభుత్వమూ వాడుకొన్నది. ఓటు హక్కు గల పౌరుడు కూడా ఆ ఒక్క విషయంలో 1922 నాటి రైతువలెనే నిలబడినాడు. ఆ చట్టం తొలగి 2013 చట్టం అమలులోకి వచ్చుటకు 2014 దాకా పట్టినది. సామాజిక ప్రభావాన్ని ముందుగా అంచనా కట్టడం, పునరావాసం కల్పించడం కొత్త చట్టంలో విధులైనవి. ప్రైవేటు సంస్థల కోసమైతే నూటికి 80 మంది అంగీకరించవలె. ప్రభుత్వం తన సొంత పనికే తీసుకొంటే మాత్రం ఆ అంగీకారం నేటికీ అవసరం లేదు. పౌరనీతి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు పిల్లలచేత చర్చింపజేయదగిన విషయమిది.

దగ్గరివారి దాహం మరొక కథ. సాగరం మాచర్ల ప్రక్కనే ఉన్నది. ఆ కాలువ ఒంగోలు సీమ దాకా పోతున్నది. కాని వెల్దుర్తి మెట్ట దానికి అందని ఎత్తున ఉన్నది. ఆ నేలకు వరికపూడిసెల వాగు నీటిని ఎత్తిపోయవలెనన్న కోరిక దశాబ్దాల నాటిది. దారిలో పులుల అభయారణ్యం ఉన్నది, అటవీ అనుమతులు కావలె. పులిని కాపాడడమూ దేశ ప్రయోజనమే కదా! 2023 నవంబరు 15న నాటి ముఖ్యమంత్రి మాచర్లలో ఆ ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసినారు.

సరిగా రెండు వారాలకు సాగరం పేరు దేశమంతటా వినిపించినది. అందుకు కారణం తెలియవలెనంటే కొంత వెనుకకు పోవలె. బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణ నీటిని పంచుతూ ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చినది. సాగరం కుడి కాలువకు 132, ఎడమ కాలువకు 132 అని సరిసమానంగా లెక్క కట్టినారు. 2014లో రాష్ట్రం రెండైనది. ఆ 811లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా ఒప్పుకొన్నారు. సాగరం నిర్వహణ తెలంగాణ చేతిలో, శ్రీశైలం నిర్వహణ ఆంధ్ర చేతిలో ఉండిపోయినవి. శంకుస్థాపన నాడున్న రెండు ప్రభుత్వాలే తిరిగి రెండు ఒడ్డులకు చేరినట్లయినది. ఈసారి కలిసి కట్టడానికి ఏమీ మిగలలేదు.

2023 నవంబరు 29 అర్ధరాత్రి ఆంధ్ర పోలీసులు ఆనకట్ట మీదికి వచ్చి, 26 గేట్లలో 13 గేట్ల వరకు తమ అధీనంలోనికి తీసుకొన్నారు. కుడి కాలువకు నీరు వదిలినారు. తాగునీటి కోసమని ఆంధ్ర ప్రభుత్వం చెప్పినది. తెల్లవారితే తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగు! ఎన్నికల వేళ గేటు ఎక్కినా, గేటు కాచినా ఓట్ల లెక్క లేకుండా ఉంటుందని నమ్మడం కష్టం. ఐనను కుడి కాలువ చివరి ఊళ్లలో బిందె పట్టుకొని నిలబడే మనిషి దాహాన్ని ఆ లెక్కలో కలిపి కొట్టివేయడమూ న్యాయం కాదు. రెండు ప్రభుత్వాలూ తమ ప్రజలకే జవాబుదారులు; ఆవలి ఒడ్డువారి ఓటు ఏ ఒక్కరికీ అక్కరలేదు. ఒడ్డు దాటి ఆలోచించవలసిన బాధ్యత అందువల్లనే కేంద్రం మీద పడినది.

కేంద్ర హోంశాఖ ఉభయ ప్రభుత్వాల అధికారులతో మాట్లాడినది. నవంబరు 28 నాటి స్థితికి తిరిగి పోవడానికి ఉభయులూ సమ్మతించినారు. ఆనకట్ట కాపలా కేంద్ర రిజర్వు పోలీసు దళానికి అప్పగింపబడినది.