అరువు మాటలు – కంప్యూటరు వల



కొల్లేటి లంక గ్రామముల నుండి కూడా మన పిల్లలు నేడు ఏలూరు కళాశాలలకు, 2015లో తాడేపల్లిగూడెములో ప్రారంభమైన ఎన్.ఐ.టి.కి, ఆ దాపునే వెంకట్రామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయమునకు వెళ్లి చదువుతున్నారు. పెద్ద చదువు చివర ప్రాజెక్టు రిపోర్టో, పరిశోధన గ్రంథమో వ్రాయాలి. "ఎవరిదో చూసి దింపేస్తే ఎవరికి తెలుస్తుంది?" అనుకునే పిల్లలు ఉన్నారు. తెలుస్తుంది. ఎలాగో మనమును తెలుసుకొందాము.

వ్యాసమును ఇవ్వగానే కంప్యూటరు దానిని కొద్దికొద్ది మాటల గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపుకు ఒక అంకెను గుర్తుగా వేస్తుంది. ఇంటర్నెట్టు పుటలు, పరిశోధన పత్రికలు, పూర్వ విద్యార్థుల గ్రంథముల నుండి తీసిన గుర్తులు దానివద్ద ముందే నిలువ ఉంటాయి. రెండింటినీ పోల్చి, కలిసిన చోట రంగు పూసి, నూటికి ఎంత కలిసినదో చెప్తుంది. అక్కడక్కడ ఒక మాట మార్చినా మిగిలిన గుంపులు పట్టిస్తాయి.

అయితే ఇది కొల్లేటిలో వేసిన వల వంటిది. వలలో చేపతోపాటు నాచు, గుర్రపుడెక్క కూడా వస్తాయి. ఎవరివో చెప్పి ఉదాహరించిన మాటలు, అందరూ వాడే పదములు కూడా అలాగే కలుస్తాయి. మాటలన్నీ మార్చి భావమును కాజేస్తే ఒక్కొక్కసారి వలకు దొరకకనే పోవచ్చు. యంత్రము చూపేది పోలికను మాత్రమే; తప్పో కాదో తేల్చవలసినవారు గురువులు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యు.జి.సి.) 2018లో చేసిన నిబంధనల ప్రకారము ఎం.ఏ., ఎం.ఎస్సీ., పిహెచ్.డి. వంటి చదువుల గ్రంథములలో పోలిక 10 శాతము వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే, 6 నెలలు మించకుండా ఇచ్చిన గడువులో దిద్ది మరల ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే, దిద్దినది ఇచ్చుటకు ఒక సంవత్సరము ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పట్టా పొందిన తరువాత బయటపడినా, ఆ పట్టాను కొంతకాలము నిలిపివేస్తారు.

అప్పు చేసి చదివించిన చదువు ఇలా చేజారరాదు. కాబట్టి డబ్బిచ్చి రిపోర్టు వ్రాయించుకొనుటకు పిల్లలకు సహకరించవద్దు. చదివి, పుస్తకము మూసి, అర్థమైనది సొంత మాటలలో వ్రాయమనండి. తీసుకొన్నది ఎవరిదో, ఎక్కడిదో తప్పక వ్రాయమనండి. పొరుగింటి గిన్నె అరువు తెచ్చుకొనుట తప్పు కాదు; దానిమీద మన పేరు చెక్కించుటే తప్పు. ఈ సంగతి వల ఉన్నందుకు కాదు, వల లేనప్పుడును మన పిల్లలు గుర్తుంచుకోవాలి.