కొట్టివేసిన మాట

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగిన ప్రయాణికుణ్ణి మొదట ఆశ్చర్యపరచేది 1,072 మీటర్ల పొడవున్న ప్లాట్‌ఫారం. ప్రపంచంలోకెల్లా పొడవైనదని దానికి ఒకప్పుడు పేరు. రెండవ ఆశ్చర్యం చెవిని పడుతుంది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నడుమ నడుస్తూంటే మనం వంగదేశంలో ఉన్న సంగతే మరపునకు వస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికై తరలివచ్చిన కుటుంబాల వారసులు అక్కడ తెలుగులోనే పోట్లాడుకుంటారు, తెలుగులోనే ప్రార్థించుకుంటారు.

కొన్నేళ్ళ క్రితం అక్కడి ఒక క్వార్టరులో నాలుగు రోజులున్నాను. రోమా పత్రికను గురించిన ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని అప్పుడు అనువదిస్తున్నాను. ఆ ఇంటి పెద్దాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై కొడుకు వద్ద ఉంటున్నారు. ఒక సాయంత్రం నా చిత్తుప్రతి చేతికి తీసుకుని, ‘ఉచిత కృప’ అన్న మాట దగ్గర ఆగిపోయారు.

“ఉచితమా? ముప్పైనాలుగేళ్ళు సైరను వినగానే లేచి పరుగెత్తినవాణ్ణి బాబూ. జీతం కోసేవాళ్ళను చూశానుగాని, ఊరకే ఇచ్చేవాళ్ళను చూడలేదు” అన్నారు.

విచిత్రమేమంటే, అపొస్తలుడైన పౌలు వాదమూ అక్కడి నుండే సాగుతుంది. పనిచేసినవానికి ముట్టేది జీతం. అది అతనికి రావలసిన బాకీయే తప్ప దయ కాదు. రక్షణ అటువంటి బాకీ కాదని పౌలు వాదన. తెలుగు బైబిలులో ‘ధర్మశాస్త్రము’ అన్న మాట చదివి మనవారు మనువును తలచుకోవడం కద్దు. అక్కడ దాని అర్థం మోషే ద్వారా యూదులకు అందిన దైవాజ్ఞలు. అవి చెడ్డవని పౌలు అనలేదు. అవి దోషాన్ని చూపగలవేగాని మాన్పలేవన్నాడు. ఈ సంగతి వివరించబోయి నేను తడబడుతూంటే పెద్దాయనే అందుకున్నారు. “మా గేజి లాంటిదన్నమాట. చక్రం ఎంత అరిగిందో చెబుతుంది. అరిగిపోయిన ఇనుమును తిరిగి తెచ్చిపెట్టదు.”

ఇంతకన్న మంచి వ్యాఖ్యానం నా వద్దనున్న ఇంగ్లీషు పుస్తకంలో లేదు.

ఈ ఒక్క విషయంపై పాశ్చాత్య క్రైస్తవలోకం నాలుగు వందల ఏళ్ళకు పైగా చీలిపోయి ఉంది. 1517లో లూథర్ లేవదీసిన వివాదంలో, మనిషి కృపవల్లనే నీతిమంతుడుగా తీర్చబడుతున్నాడన్న మూలసూత్రం మీద లూథరన్లూ కాథలిక్కులూ ఉమ్మడి ప్రకటన చేసింది 1999 అక్టోబరు 31న. మన ఆంధ్రదేశంలో ఈ ప్రశ్న మరొక రూపంలో, ఆకలి రూపంలో ఎదురైంది. 1876-78 నాటి మహాక్షామంలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకానికి గుత్త తీసుకుని వేలాదిమందికి కూలి కల్పించాడు. కాని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మం ఇవ్వలేదు. కూలికి ఆశపడి మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదు. బాప్తిస్మం కూలికి వెల కాకూడదు. సహాయం నిలిచిపోయిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అయితే అదే క్లౌ తన వద్దకు వచ్చిన మాదిగలకు కొన్ని కట్టుబాట్లు విధించాడు: ఆదివారం పని కూడదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. కృప పొందినవారి జీవితం ఇలా మారాలన్నది అతని భావం కావచ్చు. కాని విన్నవారిలో ఎందరికి అవే కృపకు షరతులుగా తోచి ఉంటాయో! గుమ్మం లోపల ఉండవలసిన నియమం గుమ్మానికి అడ్డంగా పడడానికి ఎంతో కాలం పట్టదు.

ఈ కథ చెప్పినప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు: పాలకొండ వైపున్న పిత్రార్జితంలో తమ్ముడి వాటాను చిన్ననాడే తన పేర వ్రాయించుకున్నారట. తిరిగి ఇద్దామనుకుంటూనే ఉండగా తమ్ముడు పోయాడు. అది మొదలు పదకొండేళ్ళుగా ఆయన చర్చిలో ప్రభుబల్ల వద్దకు వెళ్ళలేదు. ప్రతి ఆదివారం వెనుక బెంచీలో కూర్చుని, రొట్టె పంచేవేళకు లేచి బయటకు వచ్చేస్తారు.

“పొలం తమ్ముడి పిల్లలకు ఇచ్చివేయవచ్చును గదా?” అన్నాను.

“ఇస్తే మాత్రం? పోయినవాడు వచ్చి చెల్లిందంటాడా? చెల్లదని తెలిసి ఇవ్వలేదు. ఇవ్వలేదని బల్ల దగ్గరికి పోలేదు.”

నేను సమాధానం చెప్పలేదు. ఆయన నా కలం తీసుకుని చిత్తుప్రతిలో ‘ఉచిత’ అన్న మాట కొట్టివేశారు. “కృప అంటే చాలదూ? ఉచితం కాకపోతే అది కృప ఎలా అవుతుంది?”

ఆ దిద్దుబాటును అలాగే ఉంచాను. ఆ శనివారమే నా ప్రయాణం. మరునాడు చర్చిలో ఏం జరిగిందో చూడలేదు. నాలుగు నెలల తరువాత ఉత్తరం వచ్చింది. ఎండల సంగతి, మనుమరాలి పరీక్షల సంగతి వ్రాసి, అడుగున ఈ రెండు వాక్యాలు చేర్చారు: “పొలం తమ్ముడి పిల్లల పేర రిజిస్టరు చేయించాను. బల్ల దగ్గరికి మాత్రం అంతకు ముందే వెళ్ళాను బాబూ, నీవు వెళ్ళిన మరునాడే.”